అణువును తూచే త్రాసు

మనుస్మృతిలో తూనికల పట్టిక ఒకటి ఉంది. అది బంగారంతోనో, వెండితోనో మొదలు కాదు, ధూళితో మొదలవుతుంది. గవాక్షం గుండా గదిలోకి ప్రసరించే సూర్యకిరణంలో తేలియాడుతూ కనిపించే సన్నని రేణువుకు త్రసరేణువు అని పేరు. ఎనిమిది త్రసరేణువులు ఒక లిక్ష. మూడు లిక్షలు ఒక నల్లావగింజ. మూడు నల్లావాలు ఒక తెల్లావగింజ. ఆరు తెల్లావాలు ఒక యవ. మూడు యవలు ఒక గురువింద గింజ. గుణించి చూస్తే 1,296 త్రసరేణువులు కలిసి ఒక గురిగింజ ఎత్తు అవుతాయి. మన పల్లెల్లో కంసాలులు నిన్నమొన్నటి వరకు ముక్కుపుడకకు కావలసిన బంగారాన్ని ఆ గురిగింజతోనే తూచేవారు.

ఏ కంసాలీ త్రసరేణువును త్రాసులో వేసి తూచి ఉండడు. అంత తేలిక వస్తువుకు మొగ్గే త్రాసు ఆనాడు లేదు. అది తూచగా వచ్చిన తూనిక కాదు, భాగించగా వచ్చిన తూనిక. కంటికి కనిపించే గింజను తీసుకొని, ఊహకు అందే చివరి మెట్టు వరకు విభజించుకుంటూ పోయిన బుద్ధి సూక్ష్మత అందులో ఉంది. ఇంతమాత్రాన ప్రాచీనులకు అణువుల బరువులు తెలుసునని చెప్పబూనడం అతిశయోక్తి. గురిగింజ సుమారు 120 మిల్లీగ్రాములు తూగుతుంది. ఆ లెక్కన త్రసరేణువు మిల్లీగ్రాములో పదో వంతుకు కొంచెం తక్కువ. అంత బరువు గల నీటి బొట్టులో ముప్పై వేల కోట్ల కోట్లకు పైగా అణువులుంటాయి.

విచిత్రమేమంటే, ఆధునిక విజ్ఞానశాస్త్రం కూడా చాలాకాలం అణువు బరువును భాగహారంతోనే తెలుసుకున్నది. 18 గ్రాముల నీటిలో ఎన్ని అణువులున్నాయో తెలిస్తే, 18ని ఆ సంఖ్యతో భాగించి ఒక్క అణువు ద్రవ్యరాశిని రాబట్టవచ్చు. అవగాడ్రో సంఖ్యగా ప్రసిద్ధి పొందిన ఆ సంఖ్య 6.022 పక్కన పది ఘాతం ఇరవై మూడు. ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ పెరాఁ ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో చేసిన ప్రయోగాలతో దానిని పలు మార్గాల్లో నిర్ధారించి, అణువుల ఉనికిపై ఉన్న సందేహాలను తొలగించాడు. ఆయనకు 1926లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

భాగహారంలో ఒక లోపం ఉంది. బస్తా వడ్లను కాటాలో తూచి గింజల సంఖ్యతో భాగిస్తే సగటు గింజ బరువు వస్తుంది. ఆ బస్తాలో గట్టి గింజలెన్నో, తాలు గింజలెన్నో ఆ సగటు చెప్పదు. తాలు ఎంత ఉందో తెలియాలంటే ఒక్కొక్క గింజనూ విడిగా చూడవలసిందే. నీటి అణువుల విషయంలో ఈ లోపం అంతగా బాధించదు. ఒక నీటి అణువు మరొక నీటి అణువును దాదాపుగా పోలి ఉంటుంది. జీవకణాలలోని ప్రోటీన్లు, వైరస్‌ల వంటి మహారాశుల దగ్గరికి వచ్చేసరికి అలా కాదు. ఒకే పేరు గల ప్రోటీనుకు కూడా ఒకచోట ఒక చక్కెర తునక అదనంగా అంటుకొని ఉండవచ్చు, మరొకచోట ఒక భాగం ఊడిపోయి ఉండవచ్చు. రోగ నిర్ణయంలోనూ, ఔషధ నిర్మాణంలోనూ ఆ భేదమే కీలకం.

అణువుల ద్రవ్యరాశిని కొలిచే యంత్రాలు లేకపోలేదు. ఆస్టన్ 1919లో నిర్మించిన ద్రవ్యరాశి వర్ణపటలేఖిని సంతతికి చెందిన పరికరాలు నేడు ప్రతి పెద్ద ప్రయోగశాలలోనూ కనిపిస్తాయి. వాటిలో అణువుకు విద్యుదావేశం కల్పించి, విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా పరుగెత్తిస్తారు. తేలికైనది ఎక్కువగా వంగుతుంది, బరువైనది తక్కువగా వంగుతుంది. అయితే ఈ యంత్రాలు సూటిగా కొలిచేది ద్రవ్యరాశిని కాదు. ద్రవ్యరాశికి, ఆవేశానికి గల నిష్పత్తిని. పైగా సాధారణంగా వాటికి ఒకే రకం అణువులు వేలాదిగా కావాలి. వైరస్ వంటి భారీ కణం ఎన్ని ఆవేశాలను మోస్తున్నదో తేల్చుకోవడం కష్టమవుతుంది. నిష్పత్తి తెలిసి, ఆవేశం తెలియనప్పుడు ద్రవ్యరాశి చేతికి చిక్కదు.

మరి ఒక్క అణువును సూటిగా తూచడం ఎట్లా? త్రాసు పనికిరాదు. త్రాసుకు ఆధారం భూమ్యాకర్షణ. అణువును భూమి లాగే బలం ఎంత స్వల్పమంటే, ఏ తక్కెడ ముల్లూ దానికి చలించదు. ఇక్కడ రోదసి యాత్రికుల అనుభవం దారి చూపుతుంది. 1973లో అమెరికా ప్రయోగించిన స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తమ శరీరం తగ్గుతున్నదో పెరుగుతున్నదో తెలుసుకోవలసి వచ్చింది. భారరహిత స్థితిలో సాధారణ కాటా సున్నానే చూపుతుంది. అందువల్ల స్ప్రింగుకు అమర్చిన ఆసనంలో మనిషిని కూర్చోబెట్టి, ఆసనాన్ని ముందుకు వెనుకకు ఊగనిచ్చి, ఒక్కో ఊపుకు ఎంత కాలం పడుతున్నదో కొలిచారు. బరువైన మనిషి మెల్లగా ఊగుతాడు, తేలికైన మనిషి త్వరగా ఊగుతాడు. భారం లేకపోయినా ద్రవ్యరాశి ఉంటుంది. అది కదలికను అడ్డగిస్తుంది. ఆ అడ్డగింపును కాలంతో కొలవడమే ఈ పద్ధతి.

ఇదే సూత్రం మన కచేరీ వేదికలపై ఏనాటి నుంచో వినబడుతున్నది. మృదంగ విద్వాంసుడు కచేరీకి ముందు ఎడమవైపు మూతపై తడిపిన రవ్వ ముద్దను అద్దుతాడు. ముద్ద అంటగానే చర్మం బరువెక్కి, కంపనాలు మందగించి, నాదం మంద్రానికి దిగుతుంది. ముద్ద ఎక్కువైతే శ్రుతి మరింత దిగుతుంది; కాస్త గిల్లి తీస్తే పైకి వస్తుంది. విద్వాంసుడు చెవితో రవ్వను తూస్తున్నాడని అనవచ్చు. కుడివైపు మూతపై శాశ్వతంగా ఉండే నల్లని పూత చేసే పని ఇంకా సూక్ష్మమైనది. విశాఖపట్నంలో బాల్యవిద్య నేర్చిన సి.వి. రామన్ 1920లోనూ, మళ్లీ 1934లోనూ మన చర్మవాద్యాలపై తన పరిశోధనలను ప్రచురించాడు. చర్మం ఒకే తీరుగా కాక పలు రీతుల్లో కంపిస్తుందనీ, మధ్యలో చేర్చిన బరువు ఒక్కో రీతిని ఒక్కో విధంగా మార్చి, వాటన్నింటినీ శ్రుతిబద్ధం చేస్తుందనీ ఆయన వివరించాడు. చేరిన బరువు ఎంత అన్నదే కాక, ఎక్కడ చేరింది అన్నది కూడా నాదాన్ని మారుస్తుందన్న ఈ విషయం అణువుల తూకంలో ఎంత ముఖ్యమైనదో ముందు ముందు తెలుస్తుంది.

కంపనాలతో తూచే పరికరాన్ని శాస్త్రీయంగా తీర్చిదిద్దినవాడు జర్మన్ శాస్త్రవేత్త గుంటర్ సావర్‌బ్రే. విద్యుత్తు సోకగానే నియమబద్ధంగా కంపించే స్వభావం గల క్వార్ట్జ్ స్ఫటికపు పలుచని బిళ్లపై లోహపు పూత చేరినప్పుడు దాని కంపన సంఖ్య తగ్గుతుందనీ, ఆ తగ్గుదల పూత బరువుకు అనులోమంగా ఉంటుందనీ ఆయన 1959లో నిరూపించాడు. సెకనుకు 32,768 సార్లు కంపించే చిన్న క్వార్ట్జ్ ముక్కే చేతి గడియారాలలో కాలాన్ని నడిపిస్తుంది. మానవుడు అత్యంత ఖచ్చితంగా కొలవగలిగిన రాశులలో కంపన సంఖ్య ఒకటి. దీనినే పౌనఃపున్యం అంటారు. బరువును కొలవడం అనే కష్టమైన పనిని, కంపనాలను లెక్కించడం అనే సులువైన పనిగా మార్చడంలోనే ఈ ఉపాయం గొప్పదనం ఉంది.

అయితే క్వార్ట్జ్ బిళ్ల అణువు ముందు పర్వతం వంటిది. ఏనుగుపై వాలిన దోమ ఏనుగు నడకను మార్చలేదు. కంపించే వస్తువుకు దాని సొంత ద్రవ్యరాశిలో ఎన్నో వంతు అదనంగా చేరితే, పౌనఃపున్యం సుమారుగా అందులో సగం వంతు తగ్గుతుంది. కిలో బరువున్న కడ్డీపై మిల్లీగ్రాము అంటితే తగ్గేది ఇరవై లక్షలలో ఒక వంతు మాత్రమే. కాబట్టి అణువును తూచాలంటే త్రాసే అణువుల స్థాయికి దిగి రావాలి. శాస్త్రవేత్తలు చేసిన పని ఇదే. కంప్యూటరు చిప్‌లను చెక్కే పద్ధతిలోనే సిలికాన్ ఫలకంపై రెండు కొనలూ బిగించి ఉన్న అతి సన్నని తీగలను, లేదా ఒక కొన మాత్రమే బిగించి రెండో కొన గాలిలో వదిలిన పట్టీలను చెక్కారు. తగిన పౌనఃపున్యంతో తాకిడి ఇచ్చినప్పుడు ఇవి ఉధృతంగా స్పందిస్తాయి. ఈ ధర్మానికి అనునాదం అని పేరు కనుక వీటిని సూక్ష్మ అనునాదకాలు అంటారు.

ఒక లెక్క చూస్తే వీటి సూక్ష్మత బోధపడుతుంది. పది మైక్రాన్ల పొడవు, మైక్రానులో పదింట మూడు వంతుల వెడల్పు, పదో వంతు మందం గల సిలికాన్ తీగను ఊహించుకోవాలి. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. తీగ పొడవు అందులో ఏడో వంతు మాత్రమే. దాని ద్రవ్యరాశి సుమారు 0.7 పికోగ్రాము, అనగా గ్రాములో లక్ష కోట్లవ వంతు కన్నా తక్కువ. మన రక్తంలో రోగక్రిములతో పోరాడే ప్రతిదేహాలలో పెద్దదైన ఐజీఎం ప్రోటీను అణువు ద్రవ్యరాశి సుమారు 1.6 అట్టోగ్రాములు. అట్టోగ్రాము అంటే ఒకటి పక్కన 18 సున్నలు పెడితే వచ్చే సంఖ్యతో గ్రామును భాగించగా వచ్చేది. ఆ లెక్కన తీగ మొత్తం బరువు దాదాపు నాలుగున్నర లక్షల ప్రోటీను అణువుల ఎత్తు. ఆ తీగ సెకనుకు రెండున్నర కోట్ల సార్లు కంపిస్తున్నదనుకుంటే, ఒక్క అణువు వాలగానే సెకనుకు ఇరవై ఎనిమిది కంపనాల వరకు తగ్గిపోతాయి. రెండున్నర కోట్లలో ఇరవై ఎనిమిదిని పట్టుకోవడం సాధ్యమేనా అనిపించవచ్చు. సాధ్యమే, అదే ఈ రంగపు విజయం.

ఆ విజయం ఒక్కనాటిది కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ క్రెయిగ్‌హెడ్ బృందం 2001లో ఒకే ఒక్క ఇ.కోలై బాక్టీరియా వాలితే గుర్తించగల పట్టీలను తయారు చేసింది. పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2004లో ఒక్క వాక్సీనియా వైరస్ కణాన్ని తూచారు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మైకేల్ రూక్స్ బృందం 2006లో ఏడు జెప్టోగ్రాముల భేదాన్ని పసిగట్టింది. అట్టోగ్రాములో వెయ్యో వంతు జెప్టోగ్రాము. ఏడు జెప్టోగ్రాములంటే సుమారు ముప్పై జెనాన్ పరమాణువుల బరువు.

ఇంతవరకు వచ్చాక అసలు చిక్కు ఎదురైంది. రూక్స్ బృందం 2009లో ప్రోటీను అణువులను ఒక్కొక్కటిగా తూచే ప్రయత్నాన్ని ప్రకటించింది. ఆ పరిశోధన పత్రానికి ప్రథమ రచయిత అక్షయ్ నాయక్. ఆయన తరువాత బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులయ్యారు. ప్రోటీను ద్రావణాన్ని విద్యుత్ బలంతో సన్నని తుంపరగా చిమ్మి, శూన్యం చేసిన గది గుండా అణువులను నడిపించి, కంపిస్తున్న తీగ మీద వాలనిచ్చారు. ఒక్కో అణువు వాలినప్పుడల్లా తీగ పౌనఃపున్యం మెట్టు దిగినట్లు ఒక్కసారిగా పడిపోయింది. మెట్లు స్పష్టంగా కనిపించాయి. ఒక్కో మెట్టు ఒక్కో లోతున ఉంది. అణువులన్నీ ఒకటే అయినప్పుడు మెట్లు సమానంగా ఎందుకు లేవు? మృదంగం రవ్వ దగ్గర ప్రస్తావించిన విషయమే ఇక్కడ ఎదురైంది. తీగ నడుమ వాలిన అణువు బాగా ఊగే చోట వాలినట్లు. అది కంపనాన్ని ఎక్కువగా మందగింపజేస్తుంది. బిగించిన కొన దగ్గర వాలిన అణువు కదలని చోట వాలినట్లు. దాని బరువు తీగకు తెలియదు. నడుమ వాలిన తేలిక అణువు, కొన దగ్గర వాలిన బరువైన అణువు ఒకే లోతు మెట్టును చూపవచ్చు. అణువు ఎక్కడ వాలిందో తెలియనంత వరకు తూకం తేలదు. అందువల్ల ఆనాడు వందలాది అణువులు వాలనిచ్చి, గణాంక పద్ధతిలో ద్రవ్యరాశిని రాబట్టవలసి వచ్చింది. సగటు నుంచి తప్పించుకోబోయి, మళ్లీ సగటు దగ్గరికే వచ్చినట్లయింది.

ఈ చిక్కును విడదీసిన ఉపాయం వీణ తంత్రిని తలపిస్తుంది. తంత్రిని మీటితే అది మొత్తంగా ఒక్కటిగా ఊగుతుంది. దాని నడిమి భాగం అన్నింటికన్నా ఎక్కువగా ఊగుతుంది. అదే తంత్రి రెండు సగాలుగా, ఒక సగం పైకి పోయినప్పుడు రెండో సగం కిందికి పోతూ కూడా ఊగగలదు. ఈ రెండో రీతిలో నడిమి బిందువు కదలనే కదలదు. తంత్రి నట్టనడుమ చిన్న మైనపు ముద్ద అంటించారనుకుందాం. మొదటి రీతి నాదం దిగుతుంది, రెండో రీతి నాదం మారదు. ముద్దను పావు భాగం దగ్గరికి జరిపితే రెండో రీతి నాదం బాగా దిగుతుంది, మొదటిది కొంత దిగుతుంది. కాబట్టి రెండు నాదాలూ ఎంతెంత దిగాయో తెలిస్తే, ముద్ద ఎక్కడుందో, ఎంత ఉందో రెండూ తెలుస్తాయి. తెలియని రాశులు రెండు, సమీకరణాలు రెండు. ముద్ద ఎడమ పావున ఉన్నదా, కుడి పావున ఉన్నదా అన్నది మాత్రం తేలదు. తూకానికి ఆ భేదంతో పని లేదు.

రూక్స్ బృందం ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులతో కలిసి 2012లో ఇదే పద్ధతిని అమలు చేసింది. తీగను ఏకకాలంలో రెండు రీతుల్లోనూ కంపింపజేసి, రెండు పౌనఃపున్యాలనూ ఎడతెగకుండా గమనించారు. అణువు వాలిన క్షణంలోనే రెండింటిలోనూ రెండు మెట్లు కనిపించాయి. ఆ జంట మెట్ల నుంచి ఆ ఒక్క అణువు ద్రవ్యరాశి అప్పటికప్పుడు వెలువడింది. వారు తూచినది పైన చెప్పిన ఐజీఎం ప్రతిదేహాన్నే. సెలీమ్ హనాయ్ ఆ పత్రానికి ప్రథమ రచయిత. ఆయన సహచరులతో కలిసి 2015లో మరో అడుగు వేశాడు. ఇంకా ఎక్కువ రీతులను గమనిస్తే వాలిన కణం బరువే కాక, అది తీగపై ఎంత మేర పరచుకొని ఉన్నదో కూడా లెక్కించవచ్చునని చూపాడు.

ఇదే సంవత్సరం, అంటే 2012లో, బార్సిలోనాలో ఆడ్రియన్ బాక్టోల్డ్ బృందం సూక్ష్మతలో అంతిమ సీమ వంటి చోటికి చేరింది. వారు సిలికాన్‌ను విడిచి, కార్బన్ పరమాణువులు జల్లెడ అల్లికలా అమరి గొట్టంగా చుట్టుకొన్న నానో నాళికను తీసుకున్నారు. దాని పొడవు సుమారు 150 నానోమీటర్లు. సెకనుకు దాదాపు 200 కోట్ల సార్లు కంపిస్తుంది. అది 1.7 యోక్టోగ్రాముల భేదాన్ని గుర్తించింది. యోక్టోగ్రాము జెప్టోగ్రాములో వెయ్యో వంతు. 1.7 యోక్టోగ్రాములంటే ఒక్క ప్రోటాను ద్రవ్యరాశి. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలకు మూలపదార్థమైన నాఫ్తలీన్ అణువులు వచ్చి ఆ నాళికపై వాలుతుండగా వారు గమనించారు. ఒక్కో నాఫ్తలీన్ అణువు బరువు సుమారు 212 యోక్టోగ్రాములు. జెప్టో, యోక్టో అన్న ఈ ఉపసర్గలు అంతర్జాతీయ ప్రమాణాలలో చేరినదే 1991లో. పేరు పెట్టిన ఇరవై ఒక్క సంవత్సరాలకే ఆ పేరు గల బరువుకు త్రాసు తయారైంది!

ప్రోటాను తూకం వినడానికి అద్భుతమే. లోకోపకారం దృష్ట్యా చూస్తే మాత్రం దానికన్నా బరువైన కణాల తూకమే ఎక్కువ విలువైనది. తాలు గింజల ప్రశ్న ఇక్కడ తిరిగి వస్తుంది. వైరస్‌కు ప్రోటీను పెంకు ఒకటి ఉంటుంది. ఆ పెంకులో జన్యుపదార్థం ఇమిడి ఉంటుంది. నేటి జన్యుచికిత్సలో హాని చేయని వైరస్ పెంకులో ఔషధ జన్యువును నింపి రోగి శరీరంలోకి పంపుతారు. తయారీలో కొన్ని పెంకులు నిండకుండానే మిగిలిపోతాయి. ఖాళీ పెంకు వైద్యం చేయదు. పైగా శరీరంలోని రోగనిరోధక వ్యవస్థను అనవసరంగా రెచ్చగొట్టగలదు. బయటి ఆకారం చూస్తే నిండినదీ, ఖాళీదీ ఒకే తీరుగా ఉంటాయి. భేదమంతా బరువులోనే ఉంది. గ్రెనోబుల్ పరిశోధకులు 2018లో బాక్టీరియాను ఆశ్రయించే టీ5 అనే వైరస్ పెంకులను సూక్ష్మ అనునాదకాలతో తూచి, నిండిన పెంకు బరువు పది కోట్ల డాల్టన్లకు పైగా ఉన్నదనీ, ఖాళీ పెంకు అందులో చిన్న భాగమేననీ చూపారు. ప్రోటాను బరువుకు ఇంచుమించు సమానమైన ప్రమాణమే డాల్టన్. వారు ఆ కణాలకు విద్యుదావేశం కల్పించవలసిన అవసరం కలగలేదు. ఆవేశం ఎంత అన్న ప్రశ్నే లేకుండా బరువు సూటిగా తెలిసింది. పాత యంత్రాలు తడబడే చోట కొత్త త్రాసు నిలదొక్కుకున్నది.

సజీవ కణాలను తూచడం మరో శాఖ. శూన్యంలో జీవకణం బ్రతకదు. నీటిలో ముంచితే తీగ కంపించలేదు, నీరు దాని ఊపును మింగేస్తుంది. మాసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ మనాలిస్ బృందం 2007లో ఈ సంకటాన్ని చమత్కారంగా తప్పించింది. తీగను నీటిలో ఉంచకుండా, నీటినే తీగలో ఉంచారు! కంపించే పట్టీ లోపల సన్నని కాలువ తొలిచి, అందులో ద్రవాన్ని పారించారు. పట్టీ వెలుపల మాత్రం శూన్యమే. కాలువలో కొట్టుకుపోయే జీవకణం పట్టీ కొసను దాటే క్షణంలో దాని తూకం తెలిసిపోతుంది. అదే కణాన్ని ముందుకు వెనుకకు నడిపి మళ్లీ మళ్లీ తూస్తూ, అది ఎదుగుతున్న తీరును గమనించారు. బరువైన కణాలు తేలిక కణాలకన్నా వేగంగా పెరుగుతాయని 2010లో ఈ విధానంతోనే పలు జాతుల కణాలలో తేలింది.

ఇన్ని సాధించినా, ఈ త్రాసు ఇంకా ఆసుపత్రి బల్లపైకి రాలేదు. తీగ అతి చిన్నది కావడమే దాని బలం, దాని బలహీనత కూడా. చిమ్మిన అణువులలో అత్యధిక భాగం తీగపై పడక పక్కకు పోతాయి. కంసాలి త్రాసును ముంగిట్లో పెట్టి, వానచినుకు దాని పళ్లెంలోనే పడాలని ఎదురుచూసినట్లు ఉంటుంది. టీ5 ప్రయోగంలో ఇరవై అనునాదకాలను వరుసగా అమర్చినది అందుకే. ఒక చిప్‌పై వేలకొద్దీ తీగలను కంపింపజేసి, ప్రతి తీగ నాదాన్నీ విడివిడిగా వినడం సాధ్యమైతే కాలవ్యయం తగ్గుతుంది. రెండో అడ్డంకి తీగ స్వభావానికి సంబంధించినది. ఏ అణువూ వాలకపోయినా తీగ పౌనఃపున్యం తనంతట తాను కొద్దికొద్దిగా అటూ ఇటూ చలిస్తూ ఉంటుంది. ఉష్ణం వల్ల కలిగే చలనం ఇంత ఉండాలని సిద్ధాంతం చెప్పిన దానికన్నా వాస్తవంలో కనిపించే చలనం ఎంతో ఎక్కువగా ఉన్నదనీ, తెలిసిన కారణాలేవీ దానిని పూర్తిగా వివరించలేకపోతున్నాయనీ 2016లో ప్రచురితమైన ఒక విస్తృత పరిశీలన తేల్చింది. ఆ అస్థిరతకు మూలం దొరికితే, ఇప్పటి తీగలతోనే మరింత తేలిక అణువులను తూచవచ్చు.